చైనాలో ఆంగ్లబోధన: అర్హత, జన్మస్థానం, అనుమతి - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఉపాధ్యాయశిక్షణ లేని విదేశీయులు చైనాలో ఆంగ్లం బోధించడం పందొమ్మిదో శతాబ్దం నుండి కనిపిస్తున్న విషయం. విదేశీ భాషోపాధ్యాయులకు ఉండవలసిన అర్హతలను ఆ దేశం 2017లో అమలులోకి వచ్చిన పని అనుమతి విధానంలో స్పష్టం చేసింది. ‘పుట్టుకతో ఆంగ్లం వచ్చినవాడే ఆంగ్లం బాగా నేర్పగలడు’ అన్న పాత భావన ఆ నిబంధనలలో ఎంతవరకు నిలిచింది? బోధనాసామర్థ్యానికి వాటిలో ఎంత చోటు దొరికింది? అనుమతి లేకుండా బోధించేవారి స్థితి ఏమిటి? ఈ ప్రశ్నలను వ్యాసం పరిశీలిస్తుంది. చైనాలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులకు ఈ విషయంతో ఉన్న సంబంధాన్ని చివరి భాగంలో చర్చిస్తుంది.

కీలకపదాలు: ఆంగ్లబోధన, చైనా, ఉపాధ్యాయ అర్హత, మాతృభాషావ్యవహర్త, పని అనుమతి, వాగ్రూప ఆంగ్లం, తెలుగు విద్యార్థులు.

1. ఉపోద్ఘాతం

చైనాలో ఒక పాఠశాలలో ఆంగ్లం బోధించే చైనీయుడు చట్టం నిర్దేశించిన యోగ్యతా ధ్రువపత్రం కలిగి ఉండాలి. 1993లో ఆమోదం పొంది 1994 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన ఉపాధ్యాయుల చట్టం ఈ నియమాన్ని విధించింది. అతడు నిర్ణీత విద్యార్హత సంపాదించాలి, పరీక్షలు నెగ్గాలి, బోధనాపద్ధతులు చదవాలి. అదే పాఠశాలలో పక్క తరగతిలో ఆంగ్లం చెప్పే విదేశీయుని చైనీయులు ‘వైజియావ్’ అంటారు. విదేశీ ఉపాధ్యాయుడని దాని అర్థం. చాలాకాలం పాటు అతనికి ఈ షరతులలో ఏదీ వర్తించలేదు. అతని ఉచ్చారణ, అతని పాస్‌పోర్టు, కొన్ని చోట్ల నిర్మొహమాటంగా చెప్పాలంటే అతని ముఖవర్ఛస్సు అర్హతలుగా చెల్లుబాటయ్యాయి.

ఒకే విషయాన్ని బోధించే ఇద్దరిని రెండు తూనికరాళ్లతో తూచే ఈ పద్ధతి ఎలా ఏర్పడిందన్నది ఆసక్తికరమైన ప్రశ్న. దీనిని కేవలం నియమోల్లంఘనగా, కొందరు స్వార్థపరుల మోసంగా చూసే వ్యాఖ్యానాలు ఎక్కువ. మోసాలు ఉన్నమాట నిజమే. కాని శిక్షణ లేని వ్యక్తికి తరగతిగదిలో చోటు కల్పించినది ఆ దేశపు పరీక్షావిధానమూ, భాషాబోధన గురించి ప్రపంచమంతటా పాతుకుపోయిన ఒక నమ్మకమూ. ఈ రెండింటినీ గమనించకపోతే నిబంధనలు కఠినమైన తర్వాత కూడా సమస్య ఎందుకు మిగిలిందో బోధపడదు.

2. చారిత్రక నేపథ్యం

రెండవ నల్లమందు యుద్ధంలో పరాజయం తర్వాత విదేశీయులతో దౌత్యవ్యవహారాలు నడపడానికి దుబాసీలు అవసరమని చింగ్ ప్రభుత్వం గుర్తించింది. 1862లో బీజింగ్‌లో ‘టోంగ్‌వెన్ గ్వాన్’ అనే భాషాపాఠశాలను స్థాపించింది. మొదట చేరినవారు పదిమంది బాలురు. వారికి ఆంగ్లం చెప్పడానికి నియమితుడైన జాన్ బర్డన్ బ్రిటిష్ క్రైస్తవ మతప్రచారకుడు. తరగతిలో మతబోధ చేయరాదన్న షరతు మీద ఆయనను తీసుకున్నారు. చైనా ప్రభుత్వం నియమించిన తొలి ఆంగ్లోపాధ్యాయుడు ఏమి చేయకూడదో నియమం చెప్పింది గాని, ఏమి తెలిసి ఉండాలో చెప్పలేదన్నమాట. తర్వాతి కాలంలో అమెరికా మతప్రచారకుడు డబ్ల్యూ.ఎ.పి. మార్టిన్ 1869 నుండి ఆ పాఠశాలకు అధ్యక్షత వహించి, దానిని విజ్ఞానశాస్త్రాలు కూడా చెప్పే సంస్థగా విస్తరింపజేశాడు. 1902లో అది బీజింగ్‌లోని ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో, అంటే నేటి పెకింగ్ విశ్వవిద్యాలయానికి పూర్వరూపంలో, విలీనమైంది.

ఉపాధ్యాయశిక్షణ లేకపోవడం, పాండిత్యం లేకపోవడం ఒకటి కాదనడానికి ఇరవయ్యో శతాబ్దపు చైనాలోనే గొప్ప ఉదాహరణ ఉంది. బ్రిటిష్ కవి, విమర్శకుడు విలియం ఎంప్సన్ 1937లో పెకింగ్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగానికి వచ్చేసరికి జపాను దండయాత్ర మొదలైంది. బీజింగ్, తియాన్‌జిన్ విశ్వవిద్యాలయాలు దక్షిణానికి తరలిపోయాయి. హునాన్ ప్రావిన్సులోని నాన్యూ కొండమీద గ్రంథాలయం లేని తాత్కాలిక విద్యాలయంలో ఎంప్సన్ ఆంగ్లసాహిత్య పాఠ్యభాగాలను జ్ఞాపకం నుండి రాసి విద్యార్థులకు అందించాడు. తర్వాత కున్‌మింగ్‌లోనూ పాఠాలు చెప్పాడు. ఆయన చేతిలో బోధనాపట్టా లేదు. కాని చెప్పవలసిన విషయం ఆయనకు కంఠస్థం. నేటి చర్చలో ‘అర్హత లేని ఉపాధ్యాయుడు’ అన్న మాట ఎంప్సన్ వంటివారినీ, నిన్న విమానం దిగి నేడు తరగతిలో నిలబడినవారినీ ఒకే గాటన కడుతుంది.

1949 తర్వాత కొంతకాలం పాఠశాలల్లో రష్యన్ భాషకు ప్రాధాన్యం దక్కింది. సోవియట్ యూనియన్‌తో సంబంధాలు చెడిన తర్వాత ఆంగ్లం తిరిగి వచ్చినా, సాంస్కృతిక విప్లవకాలంలో విదేశీ భాషల చదువు దాదాపు నినాదాల స్థాయికి కుదించుకుపోయింది. 1977లో ‘గావోకావో’ అనే జాతీయ కళాశాల ప్రవేశపరీక్షను పునరుద్ధరించారు. 1978లో ఆర్థికసంస్కరణలు మొదలయ్యాయి. ఆంగ్లం ఒక్కసారిగా ఉద్యోగానికీ, విదేశీ విద్యకూ, విదేశీ వాణిజ్యానికీ తాళంచెవి అయింది. 1982లో కేథీ ఫ్లవర్ వ్యాఖ్యాతగా కేంద్ర టెలివిజన్ ప్రసారం చేసిన ‘ఫాలో మీ’ పాఠాలను ఆ తరం చైనీయులు ఇప్పటికీ తలుచుకుంటారు. షాంఘై ప్రజోద్యానంలోనూ, బీజింగ్‌లోని రెన్మిన్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనూ ‘ఇంగ్లిష్ కార్నర్’లు వెలిశాయి. అటువైపు ఒక విదేశీయుడు వస్తే చాలు, అతని చుట్టూ జనం మూగేవారు. అతని చదువు ఏమిటని అడిగే తీరిక ఎవరికీ లేదు. అతనితో నాలుగు మాటలు మాట్లాడటమే అపురూపం.

ఈ దాహం తీర్చడానికి వచ్చినవారిలో మార్క్ సాల్జ్‌మన్ ఒకరు. యేల్ విశ్వవిద్యాలయంలో చైనీయ భాషాసాహిత్యాలు చదివిన ఆయన 1982 నుండి రెండేళ్లు ఛాంగ్‌షాలోని హునాన్ వైద్యకళాశాలలో ఆంగ్లం బోధించాడు. 1986లో వెలువడిన ఆయన అనుభవగ్రంథం ‘ఐరన్ అండ్ సిల్క్’లో ఆంగ్లపాఠాలకంటే ఆయన అక్కడ నేర్చుకున్న యుద్ధకళలకే ఎక్కువ పుటలు దక్కాయన్నది వేరే సంగతి. అమెరికా ‘పీస్ కోర్’ కార్యకర్తలు 1993 నుండి 2020 వరకు చైనా కళాశాలల్లో ఆంగ్లం బోధించారు. 1996లో ఫూలింగ్ ఉపాధ్యాయకళాశాలకు వెళ్లిన పీటర్ హెస్లర్ వారిలో ఒకరు. ఆయన ఆంగ్లసాహిత్యం చదివిన పట్టభద్రుడు, శిక్షణ పొందిన పాఠశాల ఉపాధ్యాయుడు కాడు. ఆయన విద్యార్థులు మాత్రం రేపటి గ్రామీణ ఆంగ్లోపాధ్యాయులు. ఉపాధ్యాయశిక్షణ లేని వ్యక్తి ఉపాధ్యాయులను తయారుచేసే కళాశాలలో బోధించడం ఆ కాలపు అవసరం ఎంత తీవ్రమైనదో చెబుతుంది.

3. పరీక్షకు వెలుపలి గంట

2001లో చైనా విద్యామంత్రిత్వశాఖ ప్రాథమిక పాఠశాల మూడవ తరగతి నుండి ఆంగ్లం ప్రవేశపెట్టాలని నిర్ణయించింది. కోట్లాది పిల్లలకు ఒక్కసారిగా ఆంగ్లం పాఠ్యవిషయమైంది. గావోకావోలో చాలా ప్రావిన్సులలో మొత్తం 750 మార్కులు. అందులో చైనీయభాష, గణితం, ఆంగ్లం ఒక్కొక్కటికి 150. బిడ్డ భవిష్యత్తులో అయిదో వంతు ఆంగ్లం చేతిలో ఉందని తల్లిదండ్రులు లెక్కగట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు.

ఆ 150 మార్కులు వేటికన్నది అసలు విషయం. చదివి అర్థంచేసుకోవడం, వ్యాకరణం, పదసంపద, వ్యాసరచన, శ్రవణం వీటిలో ప్రధానమైనవి. గువాంగ్‌డాంగ్, షాంఘై, బీజింగ్ వంటి కొన్ని చోట్ల సంభాషణాపరీక్షను మార్కులలో చేర్చినా, అధికభాగం ప్రాంతాలలో మాట్లాడటం మొత్తం మార్కులలోకి రాదు. విశ్వవిద్యాలయాల్లో 1987 నుండి జరుగుతున్న కళాశాల ఆంగ్లపరీక్ష నాలుగవ స్థాయి కూడా రాతపరీక్షే. మౌఖికపరీక్ష విడిగా, ఐచ్ఛికంగా ఉంటుంది. ఫలితంగా ఆంగ్లబోధన రెండుగా చీలింది. పరీక్షకు వచ్చే వ్యాకరణం, గహనపఠనం చైనీయ ఉపాధ్యాయుల చేతిలో ఉన్నాయి. పరీక్షకు రాని ‘వాగ్రూప ఆంగ్లం’ వారానికి ఒకటో రెండో గంటలు విదేశీయునికి దక్కింది.

అర్హత లేని విదేశీయునికి దొరికిన చోటు ఇదే. అతడు సరిగా చెప్పకపోయినా ఎవరి మార్కులూ తగ్గవు. అద్భుతంగా చెప్పినా ఎవరి మార్కులూ పెరగవు. పాఠశాలకు మాత్రం అతని వల్ల ప్రయోజనం ఉంది. ప్రకటనపత్రంలో అతని ఫొటో వేయవచ్చు, తల్లిదండ్రుల సమావేశంలో అతన్ని వేదికమీద కూర్చోబెట్టవచ్చు, అతని పేరుతో రుసుము పెంచవచ్చు. బోధనను కొలిచే సాధనం లేనిచోట బోధకుని కొలవవలసిన అవసరం కూడా రాదు. తెలుగునాట కార్పొరేట్ కళాశాలల ప్రకటనలు చూసినవారికి ఈ తర్కం కొత్తగా తోచదు.

4. తరగతిగదిలో ఏమి జరుగుతుంది?

మాట్లాడటం పరీక్షలో లేదు గనుక శిక్షణ లేని ఉపాధ్యాయుని వల్ల నష్టం లేదనుకోవడం తొందరపాటు. నలభై నుండి అరవై మంది ఉన్న తరగతిలో సంభాషణ నేర్పడం భాషాబోధనలో కఠినమైన పనులలో ఒకటి. విద్యార్థి తప్పు దొర్లితే పరువు పోతుందని మౌనం వహిస్తాడు. ఉదయాన్నే బిగ్గరగా వల్లెవేసే అలవాటున్నా, సొంతవాక్యం కట్టమంటే తలదించుకుంటాడు. ఈ మౌనాన్ని జంటపనులతో, చిన్నచిన్న బృందాలతో, క్రమంగా కష్టం పెంచే ప్రశ్నలతో కరిగించాలి. అది తెలియని ఉపాధ్యాయుడు ముందువరుసలో చురుకైన నలుగురితో ముచ్చటించి గంట ముగిస్తాడు. లేదా ఆటలు ఆడిస్తాడు, పాటలు పాడిస్తాడు. మిగిలిన విద్యార్థులు ప్రేక్షకులవుతారు.

వ్యాకరణం విషయంలో ఇబ్బంది మరొక రకం. ‘ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్డే’ అన్న వాక్యం తప్పని ఆంగ్లం మాతృభాషగా గలవాడు వెంటనే చెప్పగలడు. ఎందుకు తప్పని విద్యార్థి అడిగితే ‘చెవికి అలా వినబడదు’ అన్నదే శిక్షణ లేనివాని సమాధానం. ఆ చెవి విద్యార్థికి లేదు. అందుకే అతడు అడిగాడు. చైనీయభాషలో క్రియకు కాలాన్ని బట్టి రూపభేదం లేదు. నిన్న, నేడు, రేపు వంటి పదాలూ, వ్యాపారం పూర్తయిందని సూచించే ‘ల’ వంటి అవ్యయాలూ ఆ పని చేస్తాయి. కనుక ఆంగ్లంలో భూతకాలపు రూపాలు రెండున్నాయన్న సంగతే చైనీయ విద్యార్థికి విడ్డూరం. ‘అతడు’, ‘ఆమె’, ‘అది’ అన్న మూడింటికీ చైనీయుల నోట వినిపించేది ‘తా’ అన్న ఒకే ధ్వని. రాతలో మాత్రం లిపిభేదం ఉంది. ఎంతో చదువుకున్న చైనీయుడు కూడా మాటల వేగంలో తన తల్లిని ‘హి’ అనడానికి కారణం అదే. ఈ సంగతి తెలియనివాడు దానిని అజాగ్రత్త అనుకుని పదేపదే సరిదిద్దుతాడు, ఫలితం ఉండదు.

ఉచ్చారణ విషయం తెలుగువారికి మరీ దగ్గరిది. ప్రామాణిక చైనీయభాషలో అక్షరం దాదాపు ఎప్పుడూ అచ్చుతోనో అనునాసికంతోనో ముగుస్తుంది. ఆంగ్లపదాల చివర వచ్చే హల్లులను పలకలేక విద్యార్థులు ఒక అచ్చును తగిలిస్తారు. అజంతభాష అయిన తెలుగు ‘బస్’ను బస్సుగా, ‘కార్’ను కారుగా మార్చుకున్నట్లే ఇది. ఈ సామ్యాన్ని గుర్తించగల ఉపాధ్యాయుడు, అంటే తానే ఆ మెట్లెక్కివచ్చినవాడు, విద్యార్థి ఎక్కడ తడబడతాడో ముందే చెప్పగలడు. హంగరీ భాషావేత్త పీటర్ మెడ్జెస్ 1994లో ప్రకటించిన ‘ది నాన్-నేటివ్ టీచర్’ గ్రంథంలో ప్రతిపాదించిన వాదం ఇదే. ఆంగ్లాన్ని నేర్చుకున్నవాడు అభ్యాసకునికి ఆదర్శంగా నిలుస్తాడు, నేర్చుకునే ఉపాయాలు చెప్పగలడు, కష్టాలను ముందుగా ఊహించగలడు.

విదేశీయుని వల్ల మేలు లేదనడం కూడా సరికాదు. పుస్తకంలోని ఆంగ్లం ఒక సజీవభాష అన్న నమ్మకం, తన మాట పరాయివానికి అర్థమైందన్న ఆనందం, తప్పులతోనైనా మాట్లాడవచ్చన్న ధైర్యం విద్యార్థికి అతని వద్ద దొరుకుతాయి. చిన్న పట్టణాలలో, బయటి ప్రపంచాన్ని చూడని పిల్లలకు ఈ ధైర్యం చిన్నది కాదు. ఎటొచ్చీ దానిని ఇవ్వడానికి ఒక ఉత్సాహవంతుడైన అతిథి చాలు. ఏడాది పొడుగునా బోధన సాగించాలంటే అతిథి చాలడు.

5. జన్మస్థానమే అర్హతగా

ఈ భావన చైనా కనిపెట్టినది కాదు. 1961లో ఉగాండాలోని మకెరెరెలో కామన్‌వెల్త్ దేశాల ఆంగ్లబోధన సదస్సు జరిగింది. ఆంగ్లానికి ఆదర్శ ఉపాధ్యాయుడు ఆంగ్లం మాతృభాషగా గలవాడేనన్న అభిప్రాయం ఆ సదస్సు తర్వాత ఒక సూత్రంగా స్థిరపడిందని రాబర్ట్ ఫిలిప్సన్ 1992లో తన ‘లింగ్విస్టిక్ ఇంపీరియలిజం’ గ్రంథంలో వివరించి, దానిని భ్రమగా నిరూపించాడు. అంతకుముందే 1985లో భారతీయ భాషావేత్త బ్రజ్ కచ్రు ప్రపంచ ఆంగ్లాన్ని మూడు వృత్తాలుగా చూపాడు. బ్రిటన్, అమెరికా వంటివి లోపలి వృత్తం. భారతదేశం వలె ఆంగ్లం పాలనలోనూ విద్యలోనూ స్థిరపడినవి వెలుపలి వృత్తం. చైనా వలె దానిని విదేశీభాషగా నేర్చుకునేవి విస్తరించే వృత్తం. చైనా విపణి లోపలి వృత్తాన్ని మాత్రమే గుర్తించింది. అందులోనూ తెల్లని ముఖాలకే గిరాకీ. ఆఫ్రికా సంతతి అమెరికనులకూ, చైనీయ సంతతి కెనడియనులకూ ఉద్యోగాలు నిరాకరించడం, ఆంగ్లం సరిగా రాని ఐరోపావాసులను తీసుకోవడం తరచు వినవచ్చే ఆరోపణలు. ప్రదర్శన కోసమే నియమించుకునే విదేశీయుని చైనాలో ‘తెల్ల కోతి’ అని ఎగతాళి చేస్తారు. ఆ మాటలోని పరిహాసం నియమించినవారికీ నియమితునికీ సమానంగా తగులుతుంది.

6. 2017 నాటి నిబంధనలు

అంతకుముందు విదేశీ నిపుణుల ధ్రువపత్రం, విదేశీయుల ఉద్యోగానుమతి అని రెండు వేర్వేరు పత్రాలు ఉండేవి. 2017 ఏప్రిల్ 1 నుండి దేశవ్యాప్తంగా ఆ రెండింటినీ కలిపి ఒకే పని అనుమతిపత్రం ఇవ్వడం మొదలైంది. దరఖాస్తుదారులను మూడు తరగతులుగా విభజించారు. అంకాల లెక్కలో 85, ఆపైన వచ్చినవారు మొదటి తరగతి. 60, ఆపైన వచ్చినవారు రెండవ తరగతి. మూడవది తాత్కాలిక, కాలానుగుణ పనివారిది. ఆంగ్లోపాధ్యాయులలో అధికులు రెండవ తరగతిలోకి వస్తారు.

భాషోపాధ్యాయులకు నిబంధన చెప్పేది ఇది: వారు సూత్రప్రాయంగా తమ మాతృభాషనే బోధించాలి, ఆ భాష మాతృభాషగా గల దేశానికి చెంది ఉండాలి, కనీసం డిగ్రీ పట్టా ఉండాలి, భాషాబోధనలో రెండేళ్ల అనుభవం ఉండాలి. విద్యాశాస్త్రం, భాష, ఉపాధ్యాయశిక్షణలలో పట్టా పొందినవారికీ, స్వదేశంలో ఉపాధ్యాయ ధ్రువపత్రం ఉన్నవారికీ, తగిన అంతర్జాతీయ భాషాబోధన ధ్రువపత్రం చూపినవారికీ అనుభవం నుండి మినహాయింపు ఉంది. వీటితోపాటు పట్టాకు అధికారిక ధ్రువీకరణ, నేరచరిత్ర లేదన్న పత్రం, వైద్యపరీక్ష కావాలి. ఆచరణలో ఆంగ్లానికి సంబంధించి అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా పౌరులకు ప్రాధాన్యం ఉంటుంది. ‘సూత్రప్రాయంగా’ అన్న మాట స్థానికాధికారులకు కొంత విచక్షణ మిగుల్చుతుంది. ఆ విచక్షణ నగరాన్ని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది.

నేరచరిత్ర పరిశీలన పిల్లల భద్రతకు ఎంతో అవసరమైన మెరుగుదల. ఇందులో సందేహం లేదు. కాని బోధన దృష్టితో చూస్తే ఈ నిబంధన లోపం వెంటనే కనబడుతుంది. పట్టా ఏ విషయంలోనైనా ఉండవచ్చు. భూగర్భశాస్త్రం చదివిన బ్రిటిష్ పౌరుడు ఒక ధ్రువపత్రంతో ఆంగ్లోపాధ్యాయుడు కావచ్చు. ఆ ధ్రువపత్రాలన్నీ ఒక స్థాయివి కావు. కేంబ్రిడ్జ్ వారి ‘సెల్టా’ శిక్షణలో కనీసం 120 గంటల బోధనతోపాటు నిజమైన విద్యార్థుల ముందు, పరిశీలకుని సమక్షంలో ఆరు గంటల బోధనాభ్యాసం తప్పనిసరి. అంతర్జాలంలో అమ్ముడయ్యే ‘120 గంటల’ ధ్రువపత్రాలలో చాలావాటికి ఒక్క విద్యార్థిని చూడకుండానే ఉత్తీర్ణులు కావచ్చు. కాగితం మీద రెండూ 120 గంటలే.

7. అనుమతి లేనివారి స్థితి

డిగ్రీ లేనివారు, లేదా ‘సరైన’ దేశంలో పుట్టనివారు చైనాలో బోధించడం నిబంధనలతో ఆగిపోలేదు. వారిని రప్పించే దళారులు సాధారణంగా పర్యాటక వీసా మీదనో వ్యాపార వీసా మీదనో రమ్మంటారు. వచ్చాక మార్చుతామంటారు. చట్టప్రకారం పని కోసం వచ్చేవారు స్వదేశంలోనే పని వీసా పొంది, చైనాలో అడుగుపెట్టిన 30 రోజులలోగా నివాసానుమతికి దరఖాస్తు చేసుకోవాలి. అనుమతిపత్రం ఒక నిర్దిష్ట యజమాని పేరున ఉంటుంది. కనుక ఒక సంస్థ పేరున అనుమతి తెచ్చి, ఉపాధ్యాయుని వేరొక పాఠశాలకు అద్దెకు పంపడం కూడా ఉల్లంఘనే. అనుమతిపత్రం చేతిలో ఉంది కదా అని ధీమాగా ఉన్నవాడు సైతం ఈ విధంగా చిక్కుకుంటాడు.

2013 జూలై 1 నుండి అమలులో ఉన్న నిష్క్రమణ, ప్రవేశ నిర్వహణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా పనిచేసే విదేశీయునికి 5,000 నుండి 20,000 యువాన్ల జరిమానా పడుతుంది. తీవ్రమైన సందర్భాలలో 5 నుండి 15 రోజుల నిర్బంధం కూడా ఉంటుంది. దేశం నుండి పంపివేస్తే ఒకటి నుండి అయిదేళ్ల వరకు తిరిగి రానివ్వరు. నియమించిన సంస్థకు ఒక్కొక్కరికి 10,000 యువాన్ల చొప్పున, మొత్తం లక్ష యువాన్లకు మించకుండా జరిమానా ఉంటుంది. అక్రమంగా గడించిన లాభం కూడా ఉంటే జప్తు చేస్తారు. ఉద్యోగం చూపించిన దళారికీ జరిమానా ఉంది. అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే బరువు ఎవరిమీద పడుతుందో తెలుస్తుంది. పెద్ద శిక్షణకేంద్రానికి లక్ష యువాన్లు వ్యాపారఖర్చులో భాగం. ఉపాధ్యాయునికి నిర్బంధం, బహిష్కరణ జీవితాన్ని తలకిందులు చేసే విషయాలు.

ఇంతకంటే తక్కువగా చర్చకు వచ్చే ప్రమాదం జీతానికి సంబంధించినది. చైనా సర్వోన్నత ప్రజాన్యాయస్థానం 2021 జనవరి 1 నుండి అమలులోకి తెచ్చిన కార్మికవివాదాల వ్యాఖ్యానం ప్రకారం, పని అనుమతి పొందని విదేశీయుడు యజమానితో ఒప్పందం రాసుకున్నా వారి మధ్య కార్మికసంబంధం ఉన్నట్లు న్యాయస్థానం అంగీకరించదు. నెలాఖరున యజమాని జీతం ఎగవేస్తే, కార్మికునిగా హక్కు కోరే దారి అతనికి మూసుకుపోయినట్లే. ఫిర్యాదు చేయడమంటే తన ఉల్లంఘనను తానే పోలీసుల ముందు ఒప్పుకోవడం. ఈ సంగతి యజమానికీ బాగా తెలుసు. తక్కువ జీతానికి, ఎక్కువ గంటలకు, సెలవు లేకుండా పనిచేయడానికి అర్హత లేని ఉపాధ్యాయుడు ఒప్పుకోవడంలోని రహస్యం ఇదే. అతడు చవకగా దొరకడానికి కారణం అతని అనర్హత, అతడు నిలదీయలేకపోవడానికి కారణమూ అదే.

8. 2021 తర్వాత

2021 జూలై 24న వెలువడిన ‘ద్వంద్వ తగ్గింపు’ విధానం నిర్బంధవిద్యాదశలోని పిల్లలకు హోంవర్కునూ, ట్యూషన్ల భారాన్నీ తగ్గించాలని నిర్దేశించింది. పాఠ్యవిషయాలు చెప్పే శిక్షణసంస్థలు లాభాపేక్ష లేనివిగా మారాలి. వారాంతాల్లో, సెలవుల్లో తరగతులు నడపరాదు. విదేశాలలో ఉన్న విదేశీయులతో శిక్షణ ఇప్పించడం నిషిద్ధం. 2013లో మొదలై ఉత్తర అమెరికాలోని ఉపాధ్యాయులను తెరమీదుగా చైనా పిల్లలతో కలిపిన ‘వీఐపీకిడ్’ సంస్థ ఆగస్టులో అలాంటి కొత్త తరగతుల అమ్మకం ఆపివేసింది. ఈ విధానం ఉద్దేశం పిల్లల, తల్లిదండ్రుల భారం తగ్గించడం. ఉపాధ్యాయుల సామర్థ్యాన్ని సరిచూడటం దాని పని కాదు. శిక్షణ పొందినవారూ పొందనివారూ ఒకేసారి ఉపాధి కోల్పోయారు. గావోకావోలో ఆంగ్లం 150 మార్కులూ అలాగే ఉన్నాయి గనుక ఇళ్లలో రహస్యంగా పాఠాలు చెప్పించుకునే ధోరణి మిగిలింది. అనుమతి లేనివారికి ఆ చాటు తరగతులే ఇంకా తెరిచి ఉన్న ద్వారం.

9. తెలుగు విద్యార్థులు, హైదరాబాదు

వైద్యవిద్య కోసం చైనా వెళ్లే భారతీయ విద్యార్థులలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వారు చెప్పుకోదగిన సంఖ్యలో ఉన్నారు. కోవిడ్‌కు ముందు ఆ దేశంలో 23 వేలకు పైగా భారతీయ విద్యార్థులు ఉండేవారు. ఆంగ్లమాధ్యమంలో చదివిన ఈ విద్యార్థులకు వారాంతపు పాఠాలు చెప్పమని పిలుపులు రావడం సహజం. ఇంటినుండి వచ్చే డబ్బు చాలనివారికి అది ఆకర్షణ కూడా. విద్యార్థి వీసా మీద ఉన్నవారు బయట పనిచేయాలంటే 2013 సెప్టెంబరు 1 నుండి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం ముందుగా విశ్వవిద్యాలయం సమ్మతి పొంది, పోలీసుశాఖ ద్వారా నివాసానుమతిపత్రంలో పనిచేసే చోటు, కాలపరిమితి నమోదు చేయించుకోవాలి. అది లేకుండా చెప్పే ఒక్క గంట పాఠమైనా అక్రమోద్యోగమే. పై విభాగంలో చెప్పిన జరిమానా, నిర్బంధం వారికీ వర్తిస్తాయి. పట్టుబడితే పోయేది పాఠానికి వచ్చే సొమ్ము మాత్రమే కాదు. తల్లిదండ్రులు పొలం తాకట్టుపెట్టి కట్టిన అయిదారేళ్ల వైద్యవిద్య మధ్యలో ఆగిపోవచ్చు.

చదువు ముగించి చట్టబద్ధంగా ఆంగ్లోపాధ్యాయుడు కావాలనుకున్నా తెలుగువానికి దారి ఇరుకే. హైదరాబాదులో 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ ఏర్పడింది. తర్వాత సీఫెల్‌గా ప్రసిద్ధి పొంది, 2007లో ఇఫ్లూ పేరుతో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. మాతృభాష వేరైన పిల్లలకు ఆంగ్లం ఎలా నేర్పాలన్నదే దాని పుట్టుకకు కారణమైన ప్రశ్న. చైనా తరగతిగదికి కావలసిన ప్రశ్న కూడా అదే. అక్కడ పరభాషాబోధనలో శిక్షణ పొంది, పదేళ్లు పాఠాలు చెప్పిన ఉపాధ్యాయిని 2017 నాటి నిబంధన ముందు సూత్రప్రాయంగా అనర్హురాలు. ఆమె భాషావిషయంలో పట్టా, ఉపాధ్యాయ ధ్రువపత్రం, అనుభవం మూడూ చూపగలదు. దరఖాస్తులో మాతృభాష అన్న గడిలో ‘తెలుగు’ అని రాయవలసి వస్తుంది.